పేరయ్య గారి జీవిత చరిత్ర: నాలుగో చిత్తుప్రతి

ఫిబ్రవరి 2, ఆదివారం

తోమా పోయి ఇరవై నాలుగు రోజులు. ఇవాళ చర్చిలో ముగ్గురు నా దగ్గరికొచ్చి, చాలా బాగా రాశావమ్మా అన్నారు. భూస్థాపన రోజు చదివిన కాగితం గురించి. పాస్టరు శ్యామ్ సుందర్ గారైతే అది చదువుతూ రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నారట.

మా సంఘంలో ఎవరు పోయినా, పెట్టె మూసేముందు వాళ్ల జీవిత చరిత్ర రాసి చదవాలి. పుట్టిన ఊరు, బాప్తిస్మం, పెళ్లి, సుగుణాలు, ఆఖరి మాట, ఒక వాక్యం. తెలుగు టీచర్ని కాబట్టి పదేళ్లుగా ఆ పని నాది. తోమాకి రాయడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అంతకుముందు నెల పోయిన డీకన్ గారిది తీసి పేర్లూ తేదీలూ మార్చాను. అందులో "మృదుభాషి" అన్న మాట అలాగే ఉండిపోయింది. తోమా మాట్లాడితే రెండు వీధుల అవతలికి వినపడేది. అయినా ఎవరూ నవ్వలేదు. పెట్టెలో పడుకున్నాక అందరూ మృదుభాషులే.

సరే. ఈ డైరీ ఏడవడానికి కాదు, చేయి తిరగడానికి. వారపత్రిక నవలల పోటీకి ఆఖరి తేదీ మే 31. మూడొందల పేజీలుండాలట. నా దగ్గర పదకొండున్నాయి. పదిహేనేళ్ల కాపురంలో పదకొండు పేజీలు. ట్రాలీ ఆటో నడిపే మొగుడు, పొద్దస్తమానం ఫోన్లు, వచ్చేపోయే జనం, ఇంటినిండా మిరపకాయ ఘాటు. ఎక్కడ రాయనిచ్చాడు? ఇప్పుడు ఇల్లు నాది, టేబుల్ నాది, కాలం నాది. అడ్డం ఎవరూ లేరు. ఇక రాయడమే తరువాయి.

ఫిబ్రవరి 3

రాయలేదు. మిక్సీ చెడిపోయింది.

ఫిబ్రవరి 4

పెన్ను సరిగ్గా లేదు. పేట వెళ్లినప్పుడు జెల్ పెన్ను కొనాలి.

ఫిబ్రవరి 11

జెల్ పెన్ను కొన్నాను. రెండు గ్లాసుల టీ పెట్టి, రెండూ నేనే తాగాను. పారబోయడం దేనికని.

ఫిబ్రవరి 15, శనివారం

పొద్దున్నే పేరయ్య గారు వచ్చారు. డెబ్బై ఆరేళ్లు, మిరపా పత్తీ వేసే పెద్ద రైతు. ఆయన టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, అన్నీ తోమాయే గుంటూరు మిర్చి యార్డుకి తోలేవాడు. మా అమ్మ ఆయన చేలో కాయలు కోసింది. ఆ రోజుల్లో మా వాళ్లకి గట్టు చివర వేరే ముంత పెట్టేవాళ్లు. ఇవాళ ఆయనే మా వరండా దాకా వచ్చి, మా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఇంటినుంచి తెచ్చుకున్న వాటర్ బాటిల్ ఎత్తి తాగారు. మా ఊరు అభివృద్ధి చెందలేదని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

వెంట ఆయన భార్య సుబ్బరావమ్మ గారు. ఇంకో కుర్చీ వేసినా కూర్చోలేదు. మెట్టు మీద కూర్చున్నారు.

తోమా భూస్థాపనకి ఆయన వచ్చి, సమాధుల దొడ్డి గేటు బయట నిలబడి మొత్తం విన్నారట.

"ఆటో తోలేవాడికే అంత రాశావు గదమ్మా, పంతులమ్మా. మరి నాకెంత రాయాలి?" అన్నారు.

ఆయన బాధేంటంటే, వాళ్లలో ఈ పద్ధతి లేదు. పెద్దకర్మ రోజు ఫొటోకి దండ వేసి, భోజనాలు పెట్టి పంపించేస్తారు. పోయిన మనిషి గురించి మైకులో ఒక్క ముక్క చెప్పరు. తన పెద్దకర్మకి మాత్రం చదివించాలని ఆయన కోరిక. కొడుకు చైతన్యకృష్ణకి తండ్రి గురించి ఏమీ తెలియదు కాబట్టి, బతికుండగానే రాయించుకుని, విని, తప్పులుంటే దిద్దించి బీరువాలో పెట్టుకుంటారట.

నవల రాసుకుంటున్నాను, తీరిక లేదన్నాను. "ఆ సంగతి తెలుసులే" అన్నారు. ఊళ్లో ఏదీ దాగదు. అరబస్తా ఎండు మిరపకాయలు వరండాలో దించి వెళ్లారు. ఒంటరి మనిషిని, అన్ని కాయలు నాకు పదేళ్లు వస్తాయి.

ఫిబ్రవరి 22, శనివారం

మొదటి చిత్తుప్రతి చదివి వినిపించాను. అలవాటు ఎంత చెడ్డదో. చివర్లో "ప్రభువు పిలుపునందుకొని మహిమలో ప్రవేశించిరి" అని రాసేశాను. చదివాక గానీ చూసుకోలేదు. నాలుక కరుచుకున్నాను.

పేరయ్య గారు ఆలోచించారు. ఏ ప్రభువు అని అడిగారు. పొరపాటైంది, కొట్టేస్తానన్నాను. వద్దట. గంభీరంగా ఉందట. శివుడూ ప్రభువే కదా, ఉండనీ అన్నారు.

"సాత్వికుడు" అన్న మాట దగ్గర మాత్రం సుబ్బరావమ్మ గారు మెట్టు మీంచి ఫక్కున నవ్వి, కొంగు అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఆ మాట కూడా ఉంచమన్నారు.

ఫిబ్రవరి 23

నవల రాయలేదు. పేరయ్య గారి పని నెత్తిన ఉంటే ఎలా కుదురుతుంది?

మార్చి 8, శనివారం

రెండో చిత్తుప్రతి. చేర్చాల్సినవి పురుగుమందుల షాపు క్యాలెండర్ వెనక రాసుకొచ్చారు. ఊళ్లో మొదటి బోరు వేయించింది ఆయనే. తెల్లదోమకి అందరూ పత్తి పీకేసిన ఏడు పీకకుండా నిలబడింది ఆయనే. తమ్ముడితో గట్టు తగాదాలో గెలిచింది ఆయనే. తగాదా గురించి పేజీన్నర చెప్పారు. అయిదు నిమిషాలయ్యాక అది తీసేయమన్నారు. పెద్దకర్మ భోజనానికి తమ్ముడు వస్తాడు కదా, మొహం బాగుండదట.

నస్రత్ స్కూల్లో అడిగింది, ఎన్ని పేజీలయ్యాయని. తను లెక్కల టీచరు, అంకెలతోనే మాట్లాడుతుంది. జరుగుతోంది అన్నాను. రెబ్కా, నువ్వు నవల రాస్తున్నావా, లేక నవల రాస్తున్నానని చెప్పడం మొదలుపెట్టి ఆపలేకపోతున్నావా అంది. స్నేహితురాలు కాబట్టి ఊరుకున్నాను.

మార్చి 16, ఆదివారం

రాశాను! ఒక్క మధ్యాహ్నంలో అయిదు పేజీలు. ఆత్మకథాత్మకం కాదు గానీ, ఒక ఊళ్లో ఒక రచయిత్రి ఉంటుంది. ఆమె ప్రతిభని గుర్తించని భర్త ఉంటాడు. మోటు మనిషి. ఆదివారం ప్రార్థన కాగానే భార్యని ఇంట్లో వదిలేసి పేకాటకి పోయి, పొద్దుగూకాక వస్తాడు. ఆమె కిటికీ దగ్గర నిలబడుతుంది. ఈ కిటికీ దగ్గర నిలబడటం రెండు పేజీలు వచ్చింది. చాలా బాగుంది.

మార్చి 17

మళ్లీ చదివాను. ఆ మోటు మనిషి ఇంట్లో లేనప్పుడు నవల నడవడం లేదు. అతను నోరు తెరిస్తే చాలు, పేజీ కదులుతోంది. అతన్ని తగ్గించాలి.

మార్చి 22, శనివారం

మూడో చిత్తుప్రతి. ఎనిమిది పేజీలకి వచ్చింది. ఇప్పుడు ఒంటిపూట బడి కాబట్టి మధ్యాహ్నమే వచ్చారు. సుబ్బరావమ్మ గారికి ఖాళీగా కూర్చోవడం చేతకాదు. వాళ్లిచ్చిన మిరపకాయలే చేటలో పోయించుకుని తొడిమలు తీస్తూ కూర్చున్నారు.

మీ ఆవిడ గురించి ఏం రాయమంటారని అడిగాను. ఆయనకి ప్రశ్న అర్థం కాలేదు. ఆమెకేముంది రాయడానికి, భార్య పేరు సుబ్బరావమ్మ అని పెట్టమన్నారు. ఎనిమిది పేజీల్లో ఆవిడ వాటా ఒక ముక్క.

ఆయన ఫోను మాట్లాడటానికి రోడ్డు మీదకి వెళ్లినప్పుడు, మీకు బాధగా లేదా అని ఆవిడని అడిగాను.

"నాకేం బాధమ్మా. ఆయన పోయాక కూర్చుని వినాల్సింది నేనే గదా. కాస్త పొట్టిగా రాయి" అన్నారు.

మార్చి 30

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పదిహేనేళ్లు ఇదే కావాలన్నాను. ఫ్యాన్ తిరిగే చప్పుడు, ఫ్రిజ్ ఆగిన చప్పుడు కూడా వినిపిస్తున్నాయి. నాకు ఆ గోల కావాలి. నాకు ఆ మనిషి కావాలి.

(ఇది చేయి తిరగడం కిందకి రాదు. రేపు కొట్టేయాలి.)

ఏప్రిల్ 5

కొట్టేయలేదు.

తోమా ఆటోని పేటలో యూసుఫ్‌కి అమ్మేశాను కదా. ఇవాళ యూసుఫ్ టిక్కీలు వేసుకుని మా వీధిలోంచే వెళ్లాడు. ఆ ఇంజను చప్పుడు వినగానే లేచి వెళ్లి గేటు గడియ తీశాను. తీశాక ఏం చేయాలో తెలియలేదు. చెత్త బయట పడేసి వచ్చాను.

ఏప్రిల్ 20, ఈస్టర్

పొద్దున సమాధుల దగ్గర ఆరాధన. తోమా సమాధికి సున్నం నేనే వేశాను. పక్క సమాధి డీకన్ గారిది. ఆయన కోడలు, ఆంటీ, తోమా అంకుల్‌కి రాసినట్టే మా మామయ్యకీ రాసిపెట్టారు, ఇంట్లో ఫ్రేము కట్టించాం అంది. ఇద్దరికీ ఒకటే రాశానని ఆ అమ్మాయికి తెలియదు. ఫ్రేములో ఉన్నది ఎవరో ఇక నాకూ తెలియదు.

ఏప్రిల్ 27

సెలవులు. నవల పదహారు పేజీలు. రోజుకి ఎనిమిది రాస్తే సరిపోతుంది. నస్రత్ కంటే నాకే లెక్కలు బాగా వస్తున్నాయి.

మే 3

రోజుకి పది రాయాలి.

మే 8, గురువారం

సుబ్బరావమ్మ గారు పోయారు. తెల్లారి లేవలేదు. అంతే. జబ్బు లేదు, ఆసుపత్రి లేదు. నిన్న సాయంత్రం కూడా కల్లంలో కాయలు తిరగేసి వచ్చారట.

వెళ్లి చూశాను. పేరయ్య గారు అరుగు మీద కూర్చుని, వచ్చిన ప్రతివాడినీ టీ తాగారా అని అడుగుతున్నారు. టీ పెట్టే మనిషి లోపల చాప మీద ఉంది.

మే 13, మంగళవారం

ఇది పూర్తిగా రాయాలి. ఒక్క మాట మార్చకుండా రాయాలి.

పదింటికి పేరయ్య గారు వచ్చి గేటు బయట ఎండలో నిలబడ్డారు. లోపలికి రండి అన్నాను. రానన్నారు. మైలలో ఉన్నాను, నీ గడప తొక్కకూడదమ్మా అన్నారు. నా ఇల్లు తన వల్ల మైలపడుతుందని ఆ ఇంటి మనిషి ఒకరు భయపడటం నా జన్మలో ఇదే మొదలు. మా ఇంట్లో మైల పట్టదండీ, రండి అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఫ్యాను కింద కూర్చోబెట్టాను. నీళ్లిస్తే గ్లాసు ఖాళీ చేసి ఇంకొకటి అడిగారు.

ఆవిడకి రాయాలట. పెద్దకర్మకి చదవాలట. ఏం రాయమంటారంటే, తనకి రాసిన ఎనిమిది పేజీల్లోంచి తీసి ఆవిడకి పెట్టమన్నారు. బోరు ఆవిడే వేయించిందని రాయమన్నారు. పత్తి ఆవిడే పీకనివ్వలేదని రాయమన్నారు. నిజమేనా అని అడిగాను.

"తెలీదమ్మా. నేను అటు చూళ్లేదు" అన్నారు.

సరేనని ఎప్పుడూ అడిగే ప్రశ్నలే అడిగాను. ఆవిడకి ఏ కూర ఇష్టం? చాలాసేపు ఆలోచించి, నాకు వంకాయ ఇష్టం, అదే చేసేది అన్నారు. ఏం చూస్తే నవ్వేవారు? తెలియదు. దేనికి భయపడేవారు? తెలియదు. పుట్టిన నెల? తెలియదు. నేను కాగితం మీద ప్రశ్నలే రాసుకుంటూ పోయాను. ఆయన చేతులు చూసుకుంటూ కూర్చున్నారు. యాభై రెండేళ్ల కాపురం.

"మీ తోమాని అడిగితే గంట చెప్పేవాడు" అన్నారు.

ఎవరి గురించి అన్నాను.

"నీ గురించేనమ్మా. ఇంకెవరి గురించి చెప్పాడు వాడు!"

ఆదివారం ప్రార్థన కాగానే తోమా ఆయన కల్లానికి వచ్చేవాడట. పని ఉన్నా లేకపోయినా వచ్చేవాడట. కాయలు తిరగేసే వాళ్లతో కలిసి తిరగేసేవాడట, లేకపోతే పట్టాలు కప్పిన టిక్కీల పక్కన నీడలో పడుకునేవాడట. పండగపూట కూడా ఇక్కడేంట్రా, ఇంటికి పో అని వీళ్లు తిట్టేవాళ్లట. వాడు ఏమనేవాడో పేరయ్య గారు తోమా గొంతుతోనే చెప్పారు. పెద్ద గొంతుతో.

"ఇప్పుడెళితే రాత చెడిపోద్దండీ. దానికి ఆదివారం ఒక్కటే ఖాళీ. నేనుంటే వాగుతా, దాని దారి తప్పుద్ది. మూడొందల పేజీల దాకా వచ్చింది, ఇంకొంచెమే ఉంది."

అందుకే తన చరిత్ర రాయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారట. అంత పెద్ద పుస్తకం రాసే మనిషి ఊళ్లో ఉంటే ఇంకెక్కడికి పోతానన్నారు.

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "వాడికి తెలిసినంత నాకు తెలిసుంటే బాగుండేదమ్మా" అన్నారు.

ఆవిడకి ఏం రాయమంటారని మళ్లీ అడిగాను. తెలియదని చెప్పాను గదా, అదే రాయమన్నారు.

మే 14

పేకాట అనుకున్నాను. అనుకోవడం కాదు, పోట్లాడాను. ఒకసారి ఆదివారం రాగానే అన్నం కూడా వడ్డించలేదు. పేకాట కాదని ఒక్కసారీ చెప్పలేదు ఆ మనిషి. చెబితే, ఎండలో అక్కడెందుకు, ఇంటికి రా అంటానని తెలుసు. తనొస్తే నేను రాయనని భయం.

మే 18, ఆదివారం

పెద్దకర్మ. షామియానా కింద మూడొందల మంది. కొడుకు చైతన్యకృష్ణకి ఇదంతా ఇష్టం లేదు, మన వాళ్లలో లేని పద్ధతి ఎందుకు నాన్నా అంటూనే ఉన్నాడు. అయినా పేరయ్య గారు మైకు తీసుకుని నా చేతిలో పెట్టారు. నేను రాసింది నాలుగు ముక్కలు.

"సుబ్బరావమ్మ గారు డెబ్బై ఒక్క ఏళ్లు బతికారు. యాభై రెండేళ్లు పేరయ్య గారితో కాపురం చేశారు. ఆవిడకి ఏది ఇష్టమో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగాలనుకుంటున్నారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఏడవలేదు. ఆడవాళ్ల వరసలో ఒకావిడ, బతికుండగా అడిగితే ఏం పోయింది అని గట్టిగానే అంది. చైతన్యకృష్ణ నా చేతిలోంచి మైకు లాక్కుని, అందరూ భోజనాలకి రండి అని పిలిచాడు. జనం గబగబా లేచారు. పేరయ్య గారు మాత్రం ఫొటో ముందే కూర్చుండిపోయారు. నా పదేళ్ల రాతలో అబద్ధం లేని జీవిత చరిత్ర ఇదొక్కటే. దీన్ని ఎవరూ ఫ్రేము కట్టించుకోరు.

మే 24

పేరయ్య గారు వచ్చి ఎనిమిది పేజీలూ నా ముందు పెట్టి కొట్టేయమన్నారు. ఏవి అంటే, నువ్వే చూడు అన్నారు. సాయంత్రానికి నాలుగో చిత్తుప్రతి అయింది. అర పేజీ. బోరు ఉంది. ముందు తీసేయించిన గట్టు తగాదా మళ్లీ వచ్చింది, కానీ గెలిచాననే మాట లేదు. ప్రభువు కూడా ఉన్నాడు, ఆయన్ని మాత్రం వదులుకోలేదు.

మే 31, శనివారం

ఆఖరి తేదీ. పంపలేదు. పదహారు పేజీలు ఎవరు తీసుకుంటారు?

చించేద్దామనుకున్నాను. చించడం కూడా రచయిత్రి వేషమేననిపించి డ్రాయరులో పడేశాను.

ఎవరూ చదవని పుస్తకం ఈ డైరీ. ఇందులో కూడా నాలుగు నెలలుగా అబద్ధమే రాస్తున్నాను. తోమా నన్ను రాయనివ్వలేదని. తోమా నన్ను రాయొద్దని ఒక్కసారీ అనలేదు. ఆ ఆదివారాలన్నీ, ఆయన ఘాటుకి దగ్గుతూ కల్లంలో కూర్చుంటే, నేనిక్కడ తలుపేసుకుని నిద్రపోయాను. లేదా ఫోనులో సీరియల్ చూశాను. ఆటో చప్పుడు వినగానే లేచి, టేబుల్ మీద కాగితాలు పరిచేదాన్ని. ఎంతదాకా వచ్చింది అని అడిగేవాడు. నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. అరవై. నూట ఇరవై. రెండొందలు. వారం వారం నవల అలా పెరిగింది. చదవమని నేను ఇవ్వలేదు, అయ్యాక చదువుతానని ఆయన అడగలేదు. పోయేనాటికి మూడొందలు దాటింది.

పోటీకి కాదు, ఇది రాసి ఉంచాలి.

జనవరి 9, గురువారం పొద్దున. తోమా పోయిన రోజు. పేరయ్య గారి టిక్కీలు యార్డుకి తోలాలి. తోమా టీ తాగుతూ, ఎంతదాకా వచ్చింది అన్నాడు. అయిపోవచ్చింది అన్నాను. అతని మొహం వెలిగిపోయింది. చివర్లో ఏమవుతుందో చెప్పవే అన్నాడు. నాకేం తెలుసు? చెబితే ఇంకేముంది, చదివితేనే తెలుస్తుంది అన్నాను. సరే అయితే, ఆగుతాలే అన్నాడు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లి ఆటో ఎక్కాడు. చలికి బండి స్టార్ట్ కాలేదు. కొంగు బిగించి, వెనకనించి నేనే తోశాను.